ఉప్పలపాడు పక్షుల చెరువు: వెళ్లే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు గురించి వినని పక్షి ప్రేమికులు ఆంధ్రాలో తక్కువే. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లలో చాలామందికి అక్కడ ఏం చూడాలో, ఎలా మసలుకోవాలో ముందుగా చెప్పేవాళ్లు ఉండరు. బంధువులు, స్నేహితులు, వాళ్ల పిల్లలు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అసలు అక్కడ ఏముంటుంది? జూ లాంటిదా?

కాదు. బోనులు ఉండవు, వలలు ఉండవు. గుంటూరు జిల్లా పెదకాకాని మండలంలో ఒక మామూలు ఊరు, ఆ ఊరి చెరువు, చెరువు నీళ్లలో దిబ్బల మీద పెరిగిన తుమ్మచెట్లు. ఆ చెట్ల మీద వేల పక్షులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. మనం గట్టున నిలబడి చూస్తాం. పైకెక్కి చూడటానికి వాచ్ టవర్ ఉంది. అంతకుమించి పెద్ద హంగులు ఆశించకండి. బోటింగ్ కోసం వెళ్లేవాళ్లకు ఇక్కడ నిరాశే. గూట్లో పిల్లకు తల్లి మేత పెట్టడాన్ని ఊరి మధ్య నిలబడి చూడాలనుకునేవాళ్లకు మాత్రం మన రాష్ట్రంలో ఇంత దగ్గరగా చూపించే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎలా వెళ్లాలి?

గుంటూరు నుంచి ఎనిమిది, పది కిలోమీటర్లు. సొంత బండి ఉంటే అరగంట పని. లేకపోతే గుంటూరులో ఆటో మాట్లాడుకోవడం తేలిక. రానూపోనూ కలిపి, అక్కడ రెండు గంటలు ఆగేలా ముందే ధర తేల్చుకోండి. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం చీకట్లో బండి కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు. దూరం నుంచి వచ్చేవాళ్లకు గుంటూరు జంక్షన్ దగ్గరి పెద్ద రైల్వే స్టేషన్, విమానమైతే గన్నవరం.

ఊళ్లో రోడ్లు ఇరుకు. కారు హారన్ కొట్టుకుంటూ చెరువు దాకా వెళ్లొద్దు. కాస్త ముందే ఆపి నడవండి.

ఏ నెలల్లో వెళితే మంచిది?

ఏడాది పొడవునా ఏవో కొన్ని పక్షులు ఉంటాయి. అయితే అక్టోబరు నుంచి మార్చి దాకా అసలైన సీజన్. వానలు పడి చెరువులు, కాలువలు నిండాక గూళ్లు కట్టడం మొదలవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో పుల్లలు మోసుకొచ్చే సందడి, గుడ్లు పొదగడం చూడొచ్చు. జనవరి, ఫిబ్రవరిల్లో గూళ్ల నిండా పిల్లలుంటాయి. ఒకే చెట్టు మీద అప్పుడే పుట్టిన పిల్ల, ఎగరడానికి రెక్కలు విదిలిస్తున్న పెద్ద పిల్ల రెండూ కనిపిస్తాయి. ఒక్కసారే వెళ్లే వీలుంటే నేనైతే జనవరి చివర్లో వెళ్లమంటాను.

వానలు ఆలస్యమైన ఏడాది పక్షులూ ఆలస్యం చేస్తాయి. క్యాలెండర్ కంటే నీళ్లే వాటికి ముఖ్యం.

ఏ వేళకు చేరుకోవాలి?

పొద్దున్నే ఏడింటికల్లా, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఈ రెండు వేళలూ ఒకటి కావు, దేని అందం దానిది.

పొద్దున పక్షులు మేతకు బయలుదేరతాయి. పెలికాన్లు, అంటే గూడబాతుల్లాంటి బరువైన పక్షులు తెల్లవారగానే దూరాలకు పోవు. ఎండ కాస్త పెరిగి నేల వేడెక్కి, గాలి పైకి లేవడం మొదలయ్యాక ఆ గాలి మీద రెక్కలు కదపకుండా సుడులు తిరుగుతూ పైకి పోతాయి. అందుకే తొమ్మిది, పది గంటలప్పుడు తల ఎత్తి చూస్తే ఆకాశంలో పెద్ద పెద్ద వలయాలు కనిపిస్తాయి. చాలామంది ఆ వేళకల్లా వెళ్లిపోతారు కాబట్టి అది చూడకుండానే పోతారు.

సాయంత్రం తిరిగొచ్చే వేళ. తెల్లకొంగలు, నీటికాకులు, కంకణాలు గుంపులు గుంపులుగా వచ్చి వాలుతుంటే, పగలంతా కునికిపాట్లు పడ్డ వక్కలు (రాత్రి కొంగలు) అప్పుడు నిద్రలేచి పనికి బయలుదేరతాయి. ఒక చెట్టు మీదే రెండు షిఫ్టులు మారడం చూస్తాం. చీకటి పడే దాకా ఉండండి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎవరూ వెళ్లకపోవడం మేలు. మీకూ ఎండ, గూట్లో పిల్లలకూ ఎండ. ఆ విషయం కిందే వివరంగా రాశాను.

ఏయే పక్షులు కనిపిస్తాయి? కొత్తవాళ్లం ఎలా గుర్తుపట్టాలి?

అన్నిటినీ ఒకేసారి నేర్చుకోవాలనుకోకండి. ఈ ఏడింటిని గుర్తుపడితే మొదటిసారికి చాలు.

గూడబాతు. ఇంగ్లీషు పేరుతో పెలికాన్ అంటే అందరికీ తెలుస్తుంది. ఇక్కడుండేది చుక్కల ముక్కు గూడబాతు. పైముక్కు అంచున వరసగా నీలి చుక్కలుంటాయి, కింద సంచి వేలాడుతుంటుంది. నాలుగడుగుల పైనే పొడవు, నాలుగు నుంచి ఆరు కిలోల బరువు. అంత బరువైన పక్షి సన్నటి తుమ్మకొమ్మ మీద వాలి నిలదొక్కుకోవడం చూసి తీరాలి. పిల్లలు తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి మేత తీసుకుంటాయి. మొదటిసారి చూసేవాళ్లు తల్లి పిల్లను మింగేస్తోందని కంగారు పడతారు. మేత పెట్టే తీరే అది.

ఎర్రకాళ్ల కొంగ, అంటే పెయింటెడ్ స్టార్క్. పసుపు రంగు ముక్కు చివర కాస్త కిందికి వంగి ఉంటుంది. ముఖం మీద ఈకలు లేని నారింజ రంగు చర్మం, ఛాతీ మీద నల్ల పట్టీ, వెనకవైపు గులాబీ ఈకలు. ఆ గులాబీ రంగు పెద్దవాటికే. బూడిద రంగులో వెలవెలబోతూ కనిపించేవి ఆ ఏడు పుట్టిన పిల్లలు, వేరే జాతి కాదు. ఇది చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. ఏదైనా తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. బురద నీళ్లలో కూడా దానికి మేత దొరకడానికి కారణం ఇదే.

నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. నత్తల్ని పట్టి, గుల్లలోంచి మాంసం లాగడానికి ఆ ముక్కు పనికొస్తుంది. చిన్న పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. వరిచేలో నత్తల్ని తినే పక్షి కాబట్టి రైతుకు మేలు చేసేది.

తెల్ల కంకణం. ఒళ్లు తెలుపు, తలా మెడా నలుపు, కొడవలి ముక్కు.

నీటికాకి, పాముమెడ పక్షి. రెండూ నల్లగా ఉండి రెక్కలు చాచి ఎండబెట్టుకుంటుంటాయి. వాటి ఈకలు నీటిని పూర్తిగా ఆపలేవు, తడుస్తాయి. తడవడం వల్లే నీళ్లలో తేలికగా మునగగలవు, మునిగి వచ్చాక ఆరబెట్టుకోవాలి. నీటికాకి ముక్కు చివర కొక్కెం ఉంటుంది. పాముమెడ పక్షి ముక్కు సూదిగా ఉంటుంది, దానితో చేపను పొడిచి పట్టి, పైకి ఎగరేసి మింగుతుంది.

వక్క. కురచ మెడ, ఎర్రటి కళ్లు. పగలు కొమ్మల్లో ముడుచుకుని కూర్చుంటుంది. ఓపిగ్గా వెతికితేనే కనిపిస్తుంది.

వీటితోపాటు బొల్లికోళ్లు, బాతులు, లకుముకి పిట్టలు ఉంటాయి. చలికాలంలో సాయంత్రం పూట గులాబీ గోరింకలు లెక్కపెట్టలేనంతగా వచ్చి ఆకాశంలో ఒకే మబ్బుగా సాగుతూ ముడుచుకుంటూ తిరిగి, ఉన్నట్టుండి చెట్లలోకి దిగుతాయి. మీ అదృష్టం బాగుంటే ఆ దృశ్యం దొరుకుతుంది.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయట కదా?

ఈ మాట బోర్డుల మీద, పేపర్లలో, బడి పుస్తకాల్లో ఎంత పాతుకుపోయిందంటే, కాదని చెబితే ఎవరూ నమ్మరు. కానీ కాదు. చుక్కల ముక్కు గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, తెల్ల కంకణం ఇవన్నీ మన పక్షులే. భారత ఉపఖండం, శ్రీలంక, ఆగ్నేయాసియా వీటి ఇల్లు. సైబీరియాలో ఇవి బతకవు. నీళ్లను, మేతను వెతుక్కుంటూ ఈ ప్రాంతంలోనే ఊళ్లు మారుతుంటాయి. గూడు కట్టి పిల్లల్ని కనేది ఇక్కడే.

ఒక చిన్న గుర్తు చెబుతాను. చలికాలం గడపడానికి ఉత్తరాది దేశాల నుంచి వచ్చే పక్షులు ఇక్కడ గూళ్లు కట్టవు, తిని, బలం పుంజుకుని వేసవికి వెనక్కి పోయి అక్కడ పిల్లల్ని కంటాయి. గూట్లో గుడ్లు కనిపిస్తున్నాయంటే అది మన పక్షి. నిజంగా దూరదేశం నుంచి వచ్చేది పైన చెప్పిన గులాబీ గోరింక. అది మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో మిడతలు తిని పిల్లల్ని పెంచి, చలికాలానికి మన దగ్గరకు వస్తుంది.

ఈ తేడా ఎందుకింత పట్టించుకుంటానంటే, వేరే దేశం పక్షి అనుకుంటే దాని బాగోగులు వేరే దేశం పని అన్న భావన మనకు తెలియకుండానే వస్తుంది. ఈ గూడబాతులకు మనం తప్ప వేరే దిక్కు తక్కువ. వందేళ్ల కిందట బర్మాలోని సిట్టాంగ్ నది మైదానంలో ఇవి వేలల్లో గూళ్లు కట్టేవి. తర్వాత అక్కడ ఆ గూళ్లు లేకుండా పోయాయి. మన కొల్లేరు దగ్గర కూడా 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు గూడబాతుల పెద్ద కాలనీని చూసి రాశారు. అదీ కొన్ని దశాబ్దాల్లో కనుమరుగైంది. చాలాకాలం తర్వాత మళ్లీ కొల్లేరులో ఆటపాక దగ్గర గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. పోయినవి తిరిగి రావడం అన్నిచోట్లా జరగదు.

ఇంత చిన్న చెరువునే ఎందుకు ఎంచుకున్నాయి?

పక్షికి గూడు కట్టడానికి కావాల్సింది పెద్ద అడవి కాదు, భద్రత. కోట చుట్టూ అగడ్త ఎలాగో ఈ చెట్ల చుట్టూ చెరువు నీళ్లు అలాగ. కుక్క, పిల్లి, ముంగిస ఈదుకుంటూ వెళ్లి చెట్టెక్కడం కష్టం. తుమ్మముళ్లు ఇంకో కాపలా. సర్కారు తుమ్మ పరాయి దేశపు మొక్క, పొలాలకు చేటు చేస్తుంది, నిజమే. కానీ ఇక్కడ నీళ్లలో నిలిచి ముళ్లతో గూళ్లను కాపాడుతున్నది కూడా అదే. అందుకని ఈ చెరువులో దాన్ని నరకమని ఎవరైనా అంటే, దాని బదులు ఏ చెట్టు సిద్ధంగా ఉందో ముందు అడగాలి.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, మనుషులు. ఊరి ఇళ్లకు ఇంత దగ్గరగా ఇన్ని పెద్ద పక్షులు గూళ్లు కట్టడానికి ఒప్పుకున్నాయంటే ఆ ఊరివాళ్లు వాటిని కొట్టరని, గుడ్లు తీయరని వాటికి అనుభవంలో తెలిసింది. ఒక్క ఏడాది వేటాడితే మరుసటి ఏడాది రావు. ఇన్నేళ్లుగా వస్తున్నాయంటే ఊరు ఇన్నేళ్లుగా ఓర్చుకుంది. వాసన, రెట్టలు, రాత్రింబవళ్లు గోల అన్నీ భరించింది. చూడటానికి వెళ్లే మనకు ఒక గంట ముచ్చట. వాళ్లకు ఇంటి పక్క రోజూ ఉండే సంగతి.

ఈ లెక్కలో నీళ్లే బలహీనమైన చోటు. చెరువు అడుగంటితే చెట్టు నేల మీద ఉన్నట్టే, కుక్కలు నడిచి వచ్చేస్తాయి. పక్షులు గూళ్లు వదిలేస్తాయి. అందుకే ఎండాకాలంలో చెరువులోకి నీళ్లు పెట్టడం ఇక్కడ సంరక్షణలో మొదటి పని. కాలువల్లో నీళ్లు ఆపేసే ముందు చెరువు నిండిందా లేదా అన్నది ఆ ఏటి పిల్లల బతుకును తేలుస్తుంది.

ఆ చెరువులో చేపలు అన్నిటికీ ఎలా సరిపోతాయి?

సరిపోవు. చెరువు వాటికి పురిటిల్లు, పడకటిల్లు. మేత కోసం కృష్ణా నది, డెల్టా కాలువలు, చుట్టుపక్కల చెరువులు, వరిచేలు, మడుగుల మీద పడి తిరుగుతాయి. అందుకని ఈ ఒక్క చెరువుకు కంచె వేసి కాపాడితే చాలదు. ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల చుట్టూ ఉన్న మడుగులు పూడ్చి ప్లాట్లు చేస్తే, కాలువలో పురుగుమందు కలిస్తే, దాని దెబ్బ ఇక్కడి గూట్లో పిల్లకు తగులుతుంది.

ఇనుప స్టాండ్ల మీద పక్షులు కూర్చున్నాయి, అవేంటి?

అటవీశాఖ పెట్టిన కృత్రిమ చెట్లు. వేల పక్షులు ఏళ్ల తరబడి ఒకే చెట్టు మీద ఉంటే ఆ రెట్టల ఘాటుకు ఆకులు మాడి, చివరికి చెట్టే ఎండిపోతుంది. కొమ్మలు విరిగి గూళ్లు నీళ్లలో పడతాయి. కొత్త చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోటు పూడ్చడానికి నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. చూడటానికి అంత బాగుండవని కొందరు సణుగుతారు. పక్షులు వాటిని ఒప్పుకుని గూళ్లు కట్టాయి, నాకు అది చాలు.

వాసన బాగా వస్తుందా?

వస్తుంది. గూళ్లు నిండుగా ఉన్న నెలల్లో, గాలి మీ వైపు వీస్తే ఘాటుగానే ఉంటుంది. పదినిమిషాల్లో అలవాటు పడతారు. ఆస్తమా ఉన్నవాళ్లు మాస్క్ పెట్టుకోండి. చెట్ల కింద నిలబడేటప్పుడు టోపీ ఉండాలి, ఎందుకో చెప్పక్కర్లేదు. పిల్లల ముందు ముక్కు మూసుకుని "ఛీ" అనకండి. ఊరివాళ్లు వింటారు, వాళ్లకు కష్టంగా ఉంటుంది.

చిన్నపిల్లలను తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా. ఆరేళ్లు దాటిన పిల్లలకైతే ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. ఒక పని చెప్పండి వాళ్లకు: ఒక్క గూడు ఎంచుకుని పావుగంట దాన్నే చూడమనండి. ఎవరు వచ్చారు, ఏం తెచ్చారు, పిల్లలెన్ని, ఎవరికి ముందు మేత దొరికింది. ఆ పావుగంట తర్వాత వాళ్లే అరవడం మానేసి మిగతావాళ్లను ఊరుకోమంటారు. నీళ్ల అంచుకు మాత్రం ఒంటరిగా పోనివ్వకండి. వాచ్ టవర్ మీద చేయి పట్టుకోండి.

పెద్దవయసు వాళ్లకు కూడా ఇబ్బంది లేదు, నడక తక్కువ. ఒక మడత కుర్చీ వెంట ఉంటే అమ్మమ్మ, తాతయ్యలు గట్టున కూర్చుని హాయిగా చూడొచ్చు.

పక్షులకు మరమరాలు, బిస్కెట్లు వేయొచ్చా?

వద్దు. అవి తినేది చేపలు, కప్పలు, నత్తలు. మీరు వేసింది అవి ముట్టవు. ముట్టేవి కాకులు, కుక్కలు. వాటిని పిలిచినట్టవుతుంది. కాకి గుడ్లు ఎత్తుకుపోయే పక్షి.

ఫొటోలు తీయొచ్చా? ఎలాంటి కెమెరా కావాలి?

తీయండి. పక్షులు దగ్గరగానే ఉంటాయి కాబట్టి 300 నుంచి 400 ఎంఎం లెన్స్‌తో మంచి ఫొటోలు వస్తాయి. ఫోన్‌తో ఒక్క పక్షిని పట్టుకోవడం కష్టం, సాయంత్రం ఆకాశంలో గుంపులకు మాత్రం ఫోన్ బాగుంటుంది. కెమెరా లేనివాళ్లు బైనాక్యులర్స్ తెచ్చుకోవడం ఇంకా మేలు. 8x42 అయితే చెయ్యి వణకదు, పిల్లలకూ వాడటం తేలిక.

ఫ్లాష్ వద్దు. డ్రోన్ అసలే వద్దు. తల మీద గుంయ్‌మని ఎగిరే వస్తువును గూడబాతు గద్దగా లెక్కగట్టి లేస్తుంది. ఒకటి లేస్తే పక్కవన్నీ లేస్తాయి. రీల్ కోసం చప్పట్లు కొట్టి, రాయి విసిరి పక్షుల్ని లేపేవాళ్లను నేను చూశాను. అలాంటివాళ్లను చూస్తే మర్యాదగానే ఆపండి, ఆగకపోతే అక్కడి సిబ్బందికి చెప్పండి.

ఒక్కసారి ఎగిరితే ఏమైంది? మళ్లీ వచ్చి వాలతాయి కదా?

ఎక్కువమందికి అర్థం కానిది ఇదే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఈ గూళ్లు పుల్లలతో పరిచిన పళ్లాలు, పైకప్పు ఉండదు. అప్పుడే పుట్టిన గూడబాతు పిల్లకు ఒంటి మీద నూగు కూడా ఉండదు, బోడి చర్మం. తల్లో, తండ్రో ఎప్పుడూ గూటి మీద నిలబడి ఉండటానికి కారణం కాపలా ఒక్కటే కాదు, నీడ. ఎర్రకాళ్ల కొంగలైతే ఎండ ముదిరినప్పుడు రెక్కలు గొడుగులా విప్పి పిల్లల మీద పడతాయి. నోట్లో నీళ్లు తెచ్చి పిల్లల మీద వదులుతాయి. అలాంటి వేళ మనం అరిచి తల్లిని లేపితే, అది తిరిగి వచ్చేలోగా బోడి పిల్ల ఎండలో మాడుతుంది. గుడ్డయితే లోపలే పాడవుతుంది.

ఇంకోటి, లేచే తొందరలో తల్లి కాలు తగిలి గుడ్లు, పిల్లలు కింద నీళ్లలో పడతాయి. ఆ ఖాళీ క్షణం కోసమే కాకి కాచుకుని ఉంటుంది. గూడబాతు గుడ్లు నెల రోజులకు పైగా పొదగాలి, పిల్ల ఎగరడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆ శ్రమంతా ఒక చప్పట్ల దెబ్బకు పోతుంది.

ఇంకా చెప్పాలంటే, పెద్ద కొంగలకు, గూడబాతులకు గట్టి గొంతు లేదు. మనకు వినిపించే గోలంతా ఆకలేసిన పిల్లలది. అవి భయపడినా మనకు వినబడేలా అరవలేవు. మెడలు ఒక్కసారిగా నిటారుగా లేచాయంటే భయపడ్డాయని అర్థం. అప్పుడు రెండడుగులు వెనక్కి వేయండి.

గూట్లోంచి కిందపడిన పిల్ల కనిపిస్తే?

చేత్తో పట్టుకోవద్దు, ఇంటికి తీసుకెళ్లొద్దు, పాలు, అన్నం పెట్టొద్దు. కుక్కలు రాకుండా కాస్త దూరంలో నిలబడి, అక్కడి సిబ్బందిని పిలవండి. వాళ్లు కనబడకపోతే అటవీశాఖకు ఫోన్ చేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షుల్ని పట్టడం, గుడ్లు తీయడం నేరం. మంచి మనసుతో చేసినా చిక్కే.

చచ్చిన పక్షి కనిపిస్తే అస్సలు ముట్టకండి. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంది కదా. ఒకేచోట నాలుగైదు చచ్చి ఉంటే వెంటనే చెప్పాలి. ఇంటికి వచ్చాక చెప్పుల అడుగు కడుక్కోండి, ముఖ్యంగా ఇంట్లో కోళ్లు ఉన్నవాళ్లు.

పండగ సెలవుల్లో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు కానీ జనం ఎక్కువ. దీపావళి వేళకు గూళ్లు మొదలవుతుంటాయి, అప్పుడు చెరువు పక్కన పేలే ఒక్కో బాంబుకు వందల పక్షులు లేస్తాయి. సంక్రాంతికి గాలిపటాలు. సాయంత్రం పక్షులు కిందుగా ఎగిరి తిరిగొచ్చే వేళ, మనం గాలిపటాలు ఎగరేసే వేళ ఒకటే. చైనా మాంజా రెక్కకు తగిలితే తెగిపోతుంది, చెట్టుకు చిక్కిన దారం నెలల తరబడి ఉచ్చులా వేలాడుతుంది. నైలాన్, గాజుపొడి మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. గుంటూరు చుట్టుపక్కల ఉండేవాళ్లు మామూలు నూలు దారమే కొనండి.

పక్షులు తగ్గాయంటున్నారు, నిజమేనా?

ఒకప్పుడు 12 వేల దాకా ఉండేవని, తర్వాత 7 వేలకు తగ్గాయని లెక్కలు ఉన్నాయి. ఏడాదికీ ఏడాదికీ తేడా ఉంటుంది, ఒక్క ఏడాది చూసి పెరిగాయనో తగ్గాయనో తేల్చలేం. తిరుపతి జిల్లాలోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో నీళ్లు బాగుంటే కొన్ని అటు పోవచ్చు, అక్కడ చెరువు ఎండితే ఇటు రావచ్చు. అయినా గూడు కట్టే చెట్లు తగ్గడం, మేత దొరికే మడుగులు పూడిపోవడం రెండూ కళ్లముందు జరుగుతున్నవే.

మేమూ లెక్కల్లో పాల్గొనవచ్చా?

పాల్గొనండి, దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆసియా దేశాల్లో 1987 నుంచి ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతోంది. అందులో ఎక్కువమంది స్వచ్ఛందంగా వచ్చే మామూలు మనుషులే. దానికోసం ఆగక్కర్లేదు కూడా. ఈబర్డ్ యాప్‌లో మీరు చూసినవి, ఎన్ని, ఎన్ని గంటలకు అన్నది నమోదు చేయండి. గుంపును లెక్కపెట్టే పద్ధతి తేలిక: ఒక పదింటిని లెక్కపెట్టి అవి ఎంత చోటు పట్టాయో చూసి, అలాంటి భాగాలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టడం. గూళ్లనూ పక్షులనూ విడిగా రాయండి. నాలుగైదేళ్లు ఒకే నెలలో వెళ్లి రాసినవాళ్ల లెక్క చాలా విలువైనది.

చుట్టుపక్కల ఇంకేం చూడొచ్చు?

పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి దారిలోనే. ఒకరోజు చేతిలో ఉంటే ఉండవల్లి గుహలు, అమరావతి. కానీ గుడి, గుహలు, షాపింగ్ అన్నీ పెట్టుకుని చెరువుకు చివరి అరగంట మిగల్చకండి. పొద్దున మొదట చెరువు, తర్వాత మిగతావి.

ఇలాంటివే వేరే చోట్ల ఉన్నాయా?

తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు, 1976 నుంచి అభయారణ్యం. నాలుగువందల యాభై హెక్టార్లకు పైనే, దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది. పక్కనే పులికాట్, రాజహంసలు కావాలంటే అక్కడికి. ఏలూరు జిల్లా కైకలూరు దగ్గర ఆటపాక. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురం. శ్రీసత్యసాయి జిల్లాలో వీరాపురం, అక్కడ ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. హైదరాబాద్ వాళ్లకు దగ్గరగా అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడ గూళ్ల కాలనీ కన్నా చలికాలపు వలస పక్షులు ఎక్కువ.

గూట్లో పిల్లల్ని దగ్గరగా చూడాలంటే మాత్రం ముందు ఉప్పలపాడుకే వెళ్లండి.

వెంట ఏమేం తీసుకెళ్లాలి?

మంచినీళ్లు, టోపీ, బైనాక్యులర్స్, చిల్లర, చెత్త వేసుకోవడానికి ఒక సంచి. బట్టలు ఆకుపచ్చ, ఖాకీ, గోధుమ రంగుల్లో ఉంటే మంచిది, మెరిసే ఎరుపూ పసుపూ వద్దు. సెంటు, బ్లూటూత్ స్పీకర్ ఇంట్లోనే వదిలేయండి. ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆగి టీ తాగి, ఈ ఏడు నీళ్లు ఎలా ఉన్నాయని అక్కడి పెద్దాయన్ని అడగండి. ఏ చెట్టు మీద కొత్త గూళ్లు పడ్డాయో, గూడబాతులు ఎప్పుడొచ్చాయో ఆయనే చెబుతాడు.